గొంతు మాత్రం పాతదే

ఆ వానాకాలం మొదట్లో ఒక మంగళవారం సాయంత్రం, ఏడున్నర సీరియల్లో పెద్ద కోడలు మారిపోయింది.

సోమవారం దాకా ఉన్న పిల్లది కోల మొహం, పొడుగు మనిషి. మంగళవారం వచ్చినావిడది గుండ్రటి మొహం, చిన్న కళ్ళు. ‘ఇకపై పెద్ద కోడలి పాత్రలో కొత్త నటి’ అని తెర కింద అక్షరాలు పరుగెత్తాయి గానీ, మా అత్తయ్య వాటిని కూడబలుక్కునేలోపే వెళ్ళిపోయాయి.

“ఇదెవరే?” అంది.

“పెద్ద కోడలే అత్తయ్యా. ఆ అమ్మాయి మానేసినట్టుంది, ఈవిణ్ణి పెట్టారు.”

“మరి మొగుడు చూడు, చెయ్యి పట్టుకుని మాట్లాడుతున్నాడు! ఆ అత్తగారు చూడు, బీరువా తాళాలు తీసి చేతిలో పెట్టేసింది! అంతమంది ఉన్న ఇంట్లో ఒక్కళ్ళకైనా అనుమానం రాలేదేం?”

“సీరియలే కదా. అందరూ ఆ మనిషే అనుకుంటారు.”

ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు విన్నది. తరవాత తల ఊపింది.

“గొంతు పాతదే. మొహం మార్చి గొంతు ఉంచేశారు. అందుకే ఆ ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేకపోతున్నారు.”

గొంతుల సంగతి అత్తయ్యకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ఇప్పుడందరి చేతుల్లో సెల్ ఫోన్లున్నా, పట్టుబట్టి హాల్లో ల్యాండ్‌లైన్ ఉంచుకుంది. ఎవరైనా ‘హలో’ అనేలోపే, పీల్చిన ఊపిరిని బట్టి ఫలానా వాళ్ళని చెప్పేసేది.

మేముండేది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళోవాళ్ళందరినీ పైకీ కిందకీ తిప్పే మనిషి, తన ఇంటికి మాత్రం యాభై నాలుగు మెట్లెక్కి రావాలి. నేను కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. మైనం మీద పళ్ళు ఒక్కొక్కటే కూర్చడం నా పని. ఇంట్లో ముగ్గురమే, మాటలు మాత్రం నా ఒక్కదాని మీదుగానే నడిచేవి. తల్లీ కొడుకూ మాట్లాడుకోక అప్పటికి నాలుగేళ్ళు.

మామయ్యకి గుండెనొప్పి వచ్చిన రోజున మా ఆయన ఒక పదంతస్తుల భవనంలో, రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులోంచి ఏడుగురిని బయటికి తీస్తున్నాడు. ఫోను పైన సంచిలో ఉండిపోయింది. అది చూసుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే అత్తయ్య అంది, “ఇప్పుడెందుకొచ్చావు? నా కంటికి కనపడకు.” ఆయన ఆ మాటని అక్షరాలా పాటించాడు. ఒకే కప్పు కింద ఉంటూ ఆవిడ కంటికి ఎదురుపడకుండా నాలుగేళ్ళు మెలగడమంటే మాటలు కాదు. ఆవిడ హాల్లో ఉంటే ఆయన వరండాలో, ఆవిడ గదిలోకెళ్తే ఆయన కంచం ముందు. “మాత్ర వేసుకుందేమో అడుగు” అనేవాడు ఆయన. “గొడుగు తీసుకెళ్ళమను” అనేది ఆవిడ. నేను ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందించేదాన్ని.

సీరియల్లో మనిషి మారిన పది రోజులకనుకుంటాను, వాన దంచికొడుతున్న ఒక సాయంత్రం ఆయన తడిసి ముద్దై వచ్చాడు. ఎప్పటిలా పిల్లి అడుగులు వేసుకుంటూ గోడవారగా వెళ్ళబోతున్నాడు. అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఎవరు కావాలండీ?”

ఆయన ఆగిపోయాడు. అలవాటు కొద్దీ నాకేసి చూసి, “ఏవిటట?” అన్నాడు.

ఆ ఒక్క ముక్క వినగానే అత్తయ్య మొహం విచ్చుకుంది. వెతుకుతున్న తీగ చేతికందినట్టు తల ఊపింది.

“ఓహో, మార్చారా? గొంతు మాత్రం పాతదే ఉంచారే! మంచి పని చేశారు, లేకపోతే మా కోడలు కంగారుపడేది. రండి బాబూ, లోపలికి రండి. తడిసిపోయారు.”

ఎత్తిపొడుపు అనుకున్నాడు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఎత్తిపొడిచే మనిషి మన తల నించి కాళ్ళ దాకా అంత మర్యాదగా చూడదు. ఆయన చొక్కా గుండీలు చూసింది, చేతుల మీద గ్రీజు చూసింది, చెవి పక్కన చిన్నప్పటి గాటు చూసింది. “గాటు కూడా పెట్టారు” అని మెచ్చుకోలుగా నాతో అంది.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఫిల్ములు వెలుతురుకి పట్టి చూసి, మెదడులో సన్న నాళాల్లో రక్తం సరిగ్గా ఆడటం లేదంది. “ఆవిడకి మొహం కనిపిస్తుంది, కానీ ‘నా వాడే’ అన్న ఆనవాలు పుట్టదు. వాదించకండి. వాదిస్తే భయపడతారు.” మందులు రాసి, ఒక క్షణం ఆగి అడిగింది, “సీరియళ్ళు చూస్తారా? కొన్నాళ్ళు ఆపి చూడండి.”

టీవీ చెడిపోయిందని చెప్పి, వైరు పీకేశాం. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదని మూడు రోజుల్లో తెలిసొచ్చింది.

సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి ఆవిడ ఆరిపోయిన తెర ముందు కూర్చునేది. కాసేపటికి దాంట్లో కనిపించే మా నీడల్ని చూడటం మొదలుపెట్టేది. నేను అటూ ఇటూ కదిలితే ఆ నల్లటి అద్దంలోనే నన్ను వెంబడించేది. రెండో రోజు గది తలుపుకి లోపలినుంచి కుర్చీ అడ్డం పెట్టుకుంది. మూడో రోజు పొద్దున వంటగదిలోకి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

“ఆ మనిషిని పంపించెయ్యవే. నా కొడుకు చొక్కా వేసుకున్నాడు. నా కొడుకు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అవి సరిపోయాయి కూడా. నా వాణ్ణి ఏం చేశాడో అడుగు.”

ఆ మధ్యాహ్నం పక్క సర్దుతుంటే ఆవిడ దిండు కింద కూరలు తరిగే కత్తి దొరికింది.

ఎదురింట్లో ఉండే నర్సక్కని పిలిచాను. ఆసుపత్రిలో మూడు షిఫ్టులూ చేసి మనుషుల్ని చదివేసిన మనిషి. కత్తి చూసి కంగారుపడలేదు. నేరుగా అత్తయ్య మంచం మీద కూర్చుని, “పిన్నిగారూ, టీవీలో ఆ పెద్ద కోడల్ని కూడా మార్చారట కదా. కొత్త పిల్ల ఎలా చేస్తోంది?” అంది.

అత్తయ్య ఆలోచనలో పడింది. “చూడట్లేదుగా. టీవీ పాడైంది.”

నర్సక్క నాకేసి ఒక చూపు చూసింది. నేను వెళ్ళి వైరు పెట్టాను.

ఆ సాయంత్రం సీరియల్లో మామగారికి జ్వరం. కొత్త పెద్ద కోడలు ఎపిసోడంతా ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఉంది. ఆ ముసలాయన జ్వరంలో ఆమె చెయ్యి పట్టుకుని “నువ్వు లేకపోతే ఈ ఇల్లేమైపోయేదమ్మా” అన్నాడు. అత్తయ్య ముందుకు వంగి చూస్తోంది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. బిగుసుకున్న దవడ మెల్లిగా వదులైంది.

“మంచిదే పాపం,” అంది చివరికి. “దాని తప్పేముంది? చోటు ఖాళీ అయింది, పెట్టారు, వచ్చింది. వచ్చినచోట ఒళ్ళు దాచుకోకుండా చేస్తోంది.”

తెల్లారి ఆవిడ గదిలోంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తలుపు తీసుకుని బయటికొచ్చింది, జుట్టు సర్దుకుని, శుభ్రమైన చీర కట్టుకుని. మా ఆయన బూట్లు వేసుకుంటున్నాడు.

“కూర్చోండి బాబూ. టీ తాగి వెళ్ళండి. మీకు ఈ ఇల్లు కొత్త కదా.”

నాలుగేళ్ళ తరవాత ఆయన తల్లి ఎదురుగా కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆవిడ ఇల్లంతా వేలితో చూపించి వివరించింది. ఆ కిటికీ రెక్క పైకెత్తి తొయ్యాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే నీళ్ళు రావు. మా కోడలికి ముక్కు మీద కోపం, పట్టించుకోవద్దు.

“పంచదార ఎన్ని చెంచాలు?”

“రెండండీ,” అన్నాడు ఆయన.

“పాతవాడికి ఒకటే వేసేది మా కోడలు. చాల్లేదని వాడూ అడిగేవాడు కాదు. మీరు అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు.”

ఆయన కప్పు అందుకుంటూ ఒక్క క్షణం కిటికీ వైపు తిరిగాడు.

తరవాత వారాల్లో మా ఇల్లు మారింది. ఆయన పెందలాడే రావడం మొదలుపెట్టాడు. కొత్త మనిషిగా ఆవిడ అడిగినవాటికి జవాబులు చెప్పేవాడు. లిఫ్టు తీగలు ఎంత లావుంటాయి, ఇరుక్కున్నవాళ్ళు ఏమని అరుస్తారు, భయమేస్తుందా. “మొదట్లో వేసేదండీ,” అనేవాడు. తల్లితో ‘అండీ’ అంటుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది, తరవాత రావడం మానేసింది. ఎందుకంటే నేను కాపరం చేసిన పన్నెండేళ్ళలో నాతో చెప్పని సంగతులు ఆయన ఆవిడతో చెబుతున్నాడు.

ఒకనాటి సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే మా ఇంట్లోంచి మగమనిషి నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఎవరు చుట్టం వచ్చారా అనుకుంటూ తలుపు తోశాను. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఒకాయన కింద కూర్చుని, ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు కత్తిరిస్తున్నాడు. తలెత్తి నాకేసి చూశాడు.

రెప్పపాటే. కానీ ఆ రెప్పపాటు నాకు ఆయనెవరో తెలియలేదు.

చెవి పక్క గాటు వెతుక్కుని, “వచ్చేశారా” అన్నాను. వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముసలావిడకి నరాలు దెబ్బతిన్నాయి సరే, నాకేమైంది? పన్నెండేళ్ళుగా చూస్తున్న మొహాన్ని నేను అసలు ఎప్పుడు చూశాను?

ఇంతలో అత్తయ్య లెక్క పెరుగుతోంది. పాలతన్ని మార్చారంది. నర్సక్కని మార్చారంది, “ఈవిడ కొంచెం పొట్టి.” రోజూ పొద్దున నా గడ్డం కింద వేలు పెట్టి, మొహాన్ని కిటికీ వెలుతురుకి తిప్పి చూసేది. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. “ఊఁ, నువ్వింకా పాతదానివే” అనేది. హమ్మయ్య అనుకునేదాన్ని. బస్సులో ల్యాబుకి వెళ్తూ, కిటికీ అద్దంలో నా మొహం కనబడితే చూపు తిప్పుకునేదాన్ని.

ల్యాబులో ఆ రోజుల్లో ఒక ముసలాయనకి సెట్టు చేస్తున్నాను. పైవరస చక్కగా, ముత్యాల్లా కూర్చి మా ల్యాబు పెద్దాయనకి చూపించాను. ఆయన మైనం మీద ముందు పన్నుని బొటనవేలితో పక్కకి నొక్కేశాడు. “పాత పన్ను వంకరమ్మా. వంకరగానే పెట్టు. మరీ బాగుంటే ఇంట్లోవాళ్ళు ఎవరో అనుకుంటారు.” ఎప్పుడూ చెప్పే మాటే అది. ఆ రోజు మాత్రం అది ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఫోను సంగతి అనుకోకుండా మొదలైంది. వాన నీళ్ళు ల్యాబులోకి వచ్చి సెలవిచ్చారు, నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి ల్యాండ్‌లైన్ మోగింది. పని తెమలలేదు, ఆలస్యమవుతుందని చెప్పడానికి ఆయనే చేశాడు. నా సెల్లు ఛార్జింగు అయిపోయి ఉంది. నేను బట్టలు లోపలికి తెస్తున్నాను. అత్తయ్య ఎత్తింది.

“హలో,” అంది, ఆపరేటరు గొంతుతో. అవతల ఏమన్నాడో, ఆవిడ నిటారుగా అయిపోయింది.

“ఒరేయ్! ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ?”

నా చేతుల్లో తడిబట్టలు అలాగే ఉండిపోయాయి.

“ఎక్కడ ఉంచారు నిన్ను? వాన పడుతోందా అక్కడ? ...తిండి పెడుతున్నారా? ...ఇక్కడ నీ చోట్లో ఒకాయన్ని పెట్టారు. నువ్వేం కంగారుపడకు, మంచివాడే. నీ మంచం మీదే పడుకుంటున్నాడు. నీ చెప్పులు సరిపోయాయి. ...లేదురా, నిన్ను మర్చిపోలేదు. రేపు చెయ్యి. ఇదే వేళకి చెయ్యి.”

రిసీవరు పెట్టేసి నాకేసి తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. “నా కొడుకు. బతికే ఉన్నాడు. ఎక్కడున్నాడో చెప్పట్లేదు.”

ఆయన ఆ సాయంత్రం వచ్చి బూట్లు విప్పకుండా చాలాసేపు వరండాలో నిలబడ్డాడు. “ఒరేయ్ అంది,” అన్నాడు నాతో. అంతే అన్నాడు.

అప్పటినుంచి ఆయన ఇద్దరయ్యాడు. పొద్దున టీ తాగే కొత్త మనిషి ఒకడు, సాయంత్రం నాలుగింటికి ఎక్కడినుంచో ఫోన్ చేసే కొడుకొకడు. వాడి కబుర్లు వీడికి, వీడి కబుర్లు వాడికి చెప్పేది అత్తయ్య. వాళ్ళ మధ్య నా అవసరం లేకపోయింది. మాటలు నా మీదుగా నడవడం ఆగిపోయింది. తేలిగ్గా ఉండాలి నిజానికి. కానీ ల్యాబులో నాలుగు కాగానే, ఇంట్లో ఆ గంట మోగుతూ ఉంటుందని గుర్తొచ్చి నా పని ఆగిపోయేది. ఎందుకో నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ వైపు ఆలోచన పోనిచ్చేదాన్ని కాదు.

ఒక ఆదివారం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నాలుగు దాటుతోంది. అత్తయ్య ఫోన్ బల్ల దగ్గర కూర్చుని రిసీవరు ఎత్తి చూస్తోంది, పెట్టేస్తోంది. “ఏమైందో, ఇవాళ చెయ్యలేదు వాడు,” అని ఆయనతోనే అంది. ఆయన లేచి, “ఇప్పుడే వస్తానండీ” అని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని సెల్లు తీశాడు. తలుపు ఓరగా ఉంది. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. అటు ఆవిడా ఇటు ఆయనా ఇద్దరూ నాకు కనిపిస్తున్నారు. ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి.

“ఒరేయ్, ఇంటికెందుకు రావట్లేదురా? ఆ మాట పట్టుకునేనా?”

“ఏ మాటమ్మా?”

“కంటికి కనపడొద్దన్నానే, అది. మీ నాన్న అలా పడుకుని ఉంటే నోటికేదొస్తే అది అన్నాను. నీ మీద కోపం కాదురా. ఎవరినో ఒకర్ని అనాలి కదా, నువ్వే ఎదురుగా వచ్చావు.”

మెట్ల మీద ఆయన తల గోడకి ఆనించాడు.

“ఆ వారంలోనే చెప్పి పంపించానుగా నీ పెళ్ళాంతో. నోరు జారాను, మనసులో పెట్టుకోవద్దు, వచ్చి నా పక్కన కూర్చోమన్నానని. చెప్పలేదా?”

ఆయన మెల్లిగా తల తిప్పి నాకేసి చూశాడు.

వాన నీళ్ళు మెట్ల పక్క గొట్టంలోంచి కిందకి పోతున్న చప్పుడు. అవతల గదిలో అత్తయ్య “హలో, హలో, లైన్లో ఉన్నావా?” అంటోంది.

“ఉన్నానమ్మా,” అన్నాడు, నా మీంచి చూపు తిప్పకుండానే. “చెప్పింది. అప్పుడే చెప్పింది.”

“మరి?”

“నేనే... పనుల్లో పడి రాలేకపోయాను.”

“సరేలే. మాట అందిందిగా. అంతే చాలు.”

మాట అందలేదు. నేను అందించలేదు. ఆ రోజు వంటింట్లో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పినప్పుడు ‘అలాగే’ అన్నాను. అంతకుముందు ఆ ఇంట్లో నా మాటకి పూచికపుల్ల విలువ లేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మానేసిన ఆ వారం రోజుల్లోనే నేను లేకపోతే గడవదన్నంత మనిషినయ్యాను. ఆవిడ నన్ను బతిమాలుతోంది, ఆయన నన్ను అడుగుతున్నాడు. రేపు చెబుదాం, రెండ్రోజులు పోనీ అనుకున్నాను. ఆ రెండ్రోజులూ వారమయ్యాయి. నెల దాటాక చెబితే ‘ఇన్నాళ్ళూ ఏం చేశావు’ అంటారని భయం. అలా నాలుగేళ్ళు. గొడుగులూ మాత్రలూ మాత్రం క్రమం తప్పకుండా చేరవేశాను.

ఆయన లోపలికొచ్చి, తల్లి ఎదురుగా కూర్చుని, “వాన తగ్గేలా లేదండీ” అన్నాడు. నన్నేమీ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, మర్నాడూ అడగలేదు. అడిగేసి రెండు తిట్లు తిడితే బాగుండునని ఉండేది. మూడో రోజు పొద్దున ఆయన మెట్లు దిగుతుంటే వెనకాలే దిగాను.

“అడగరేం?”

“ఏం అడగాలి?”

“ఎందుకు చెప్పలేదని.”

ఆయన పనిముట్ల సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. “పక్క గదిలోకి నడిచెళ్ళడానికి నాకు కాళ్ళు లేకనా? ఆ పని నీ నెత్తిన పెట్టింది మేమిద్దరమే కదా,” అన్నాడు. రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగాడు. “నువ్వు చెప్పుంటే వెళ్ళి కూర్చునేవాణ్ణేమో. నాలుగేళ్ళు...” ఆ మాట పూర్తి చెయ్యకుండానే దిగి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి పొద్దున్నే అత్తయ్య నా మొహం వెలుతురుకి తిప్పి చూసేటప్పుడు నేను ఇంకో రకంగా ఊపిరి బిగబట్టేదాన్ని. మార్చారు అనాలని. ‘ఎవరమ్మా నువ్వు, కూర్చో, నీకీ ఇల్లు కొత్త కదా’ అనాలని. సాయంత్రాలు ఆ సీరియల్‌ని కళ్ళప్పగించి చూసేదాన్ని. ఒకప్పుడు ఆ పిచ్చి కథని నవ్వుకుంటూ చూసిన మనిషినే. పాత పెద్ద కోడలు ఎన్నో కుట్రలు చేసింది, ఎవరి ఉత్తరాలో దాచింది, తోటికోడల్ని ఏడిపించింది. కొత్తావిడకి అవేమీ అంటలేదు. కొత్త మొహం, కడిగిన పలకలాగా. మా ఇంట్లోనూ అంతే. మా ఆయన మారాడు, నర్సక్క మారింది, పాలతను మారాడు, అందరికీ ఆవిడ దగ్గర కొత్త కుర్చీ దొరికింది. నేనొక్కదాన్నే మిగిలిపోయాను.

“ఊఁ, నువ్వింకా పాతదానివే.”

ఆ చలికాలం చివర్లో ఆవిడ పోయింది. అప్పుడు మా ఆయన పక్కనే ఉన్నాడు, ఆవిడ చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఏ కొడుకు చెయ్యి అనుకుందో మాకు తెలీదు. కానీ నేను చెప్పాల్సింది అంతకుముందు, వానలు వెనకబట్టిన వారం సంగతి.

ఆ వారంలో ఆవిడ తననీ మార్చేసుకుంది. గదిలో నిలువుటద్దం ముందు నిలబడి, అందులో కనిపించినావిడకి మర్యాదగా తలవంచి, “ఎప్పుడొచ్చారు?” అని అడుగుతుండగా చూశాను. “నా చోట్లో పెట్టారు ఈవిణ్ణి,” అని నాకు పరిచయం చేసింది. “పెద్దావిడ. జాగ్రత్తగా చూసుకో.” ఇక చెప్పడానికి ఎక్కువ రోజులు లేవని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు టీవీ సౌండు తగ్గించాను.

“అత్తయ్యా, ఆ రోజు మీరు చెప్పమన్న మాట నేను ఆయనకి చెప్పలేదు. ఫోన్లో ఆయన అబద్ధం చెప్పాడు, నా కోసం. చెప్పలేదు నేను. కావాలనే చెప్పలేదు.”

ఆవిడ చీర అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. విన్నదో లేదో. తెర మీద ఎవరో సబ్బుతో మొహం కడుక్కుంటున్నారు.

“సౌండు పెంచు,” అంది. “మొదలవుతోంది.”

మర్నాడు పొద్దున్న ఎండ వచ్చింది, చాలా రోజులకి. నేను గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ అద్దం ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి, అడక్కుండానే గడ్డం ఎత్తి మొహం కిటికీకి తిప్పి నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూడలేదు. దువ్వెన నా చేతిలో పెట్టి అద్దం వైపు తిరిగింది. నేను వెనక్కి వెళ్ళి ఆవిడ జుట్టు విప్పాను.

“ఈ ముందు కూర్చున్నావిడ నాకు తెలీదు,” అంది అద్దంలోకి చూస్తూ. “కొత్తగా వచ్చింది పాపం. జుట్టంతా చిక్కుపడిపోయింది.”

“వెనకాల నిలబడిందెవరు అత్తయ్యా?”

అద్దంలో ఆవిడ కళ్ళు నా మీదకి వచ్చాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. నేను చూపు తిప్పుకోలేదు.

“నువ్వే,” అంది. “ఇంకెవరు? మెల్లిగా దువ్వు, ఆవిడకి నొప్పెడుతుంది.”